గుట్టుచప్పుడు కాకుండా

జపాన్ విదేశాంగ శాఖకు సన్మానం చేయాలి. శాలువా ఖర్చు నాది. అమెరికా స్థావరాలున్న ఒకినావా దీవిలో 2023 డిసెంబర్‌లో పదహారేళ్లు నిండని బాలికను ఎత్తుకుపోయి అఘాయిత్యం చేశాడని అమెరికా వైమానిక సైనికుడొకడిపై 2024 మార్చి 27న చార్జిషీటు పడితే, ఆ సంగతి ఒకినావా గవర్నర్ డెనీ తమాకి చెవిన జూన్ 25 దాకా పడనివ్వలేదు. ఆయన కూడా మనలాగే వార్తల్లో తెలుసుకున్నాడు. అదంతా బాధితురాలి గోప్యత కోసమేనని సర్కారువారు సెలవిచ్చారు.

టోక్యోలోని అమెరికా రాయబారికి మాత్రం మార్చిలోనే చెప్పి నిరసన తెలిపారు. ఇంటి గుట్టు పొరుగువాడికి చెప్పకూడదంటారు మన పెద్దలు. వీళ్లు పొరుగువాడికి చెప్పి ఇంటివాళ్ల దగ్గర దాచారు. ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని కిషిదా వైట్‌హౌస్ విందు ఆరగించి వచ్చారు. జూన్ 16న ఒకినావా అసెంబ్లీ ఎన్నికలు ముగిశాయి. 23న యుద్ధ మృతుల సంస్మరణ సభకు ప్రధానీ గవర్నరూ ఇద్దరూ హాజరయ్యారు. గుట్టు మాత్రం గడప దాటి ఇంట్లోకి రాలేదు!

ఇంత చక్కటి పద్ధతిని ఇక్కడితో ఆపేయడం అన్యాయం. 2004లో ఒకినావాలోని గినోవాన్ నగరంలో ఓ యూనివర్సిటీ మీద అమెరికా హెలికాప్టర్ కూలితే ఆ సైన్యం జపాన్ పోలీసుల్నే దగ్గరికి రానివ్వలేదు. పాపం, శకలాలకూ గోప్యత ఉంటుందని మనకప్పుడు తట్టలేదు. 2017లో అక్కడే ఫుతెన్మా బడి ఆటస్థలంలో అమెరికా హెలికాప్టర్ కిటికీ ఊడిపడింది. పిల్లలు కళ్లు మూసుకుని ఉంటే దాని పరువు దక్కేది. జపాన్ భూమిలో 0.6 శాతమున్న ఒకినావా మీదే, అమెరికా సైన్యం ఒక్కటే వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం ఉందన్న లెక్కను బళ్లలో చెప్పడం మానాలి. మ్యాపులోంచి దీవినే చెరిపేస్తే మరీ క్షేమం. తమాకికి తాను గవర్నరన్న సంగతి కూడా చెప్పకుండా ఉంటే నిరసన లేఖల కాగితమైనా మిగిలేది.

1995లో పన్నెండేళ్ల పిల్లపై ముగ్గురు అమెరికా సైనికులు అత్యాచారం చేస్తే 85 వేల మంది కదిలొచ్చారు. అయినా జపాన్‌లోని అమెరికా సైనికుల హోదాపై రెండు దేశాలూ చేసుకున్న 1960 నాటి ఒప్పందంలో అక్షరం మారలేదు. నిందితుడు అమెరికా చేతిలో ఉంటే, చార్జిషీటు పడేదాకా అక్కడే ఉంటాడు. హత్య, అత్యాచారం కేసుల్లో ముందే అప్పగించమంటే సానుభూతితో పరిశీలిస్తారట. ఇలాంటి ఘటనలను స్థానిక ప్రభుత్వాలకు తెలపాలని 1997లో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. ఆ ఒప్పుకోలునూ గోప్యంగానే ఉంచినట్టున్నారు.

జూన్ 28న ఇంకో కేసు బయటపడింది. మే నెలలోది, ఈసారి మెరైన్. అదీ దాచారు. డిసెంబర్ నాటి ఆ పిల్ల పేరు ఎవరడిగారు? ఊరు ఎవరడిగారు? కేసు పడిందన్న ఒక్క ముక్క చెబితే చాలు, జనం స్థావరాల గేట్ల ముందు కూర్చునేవాళ్లు. విందుకు ముందు, ఓట్లకు ముందు కూర్చునేవాళ్లు. అందుకే చెప్పలేదు. పసిపిల్లను అడ్డం పెట్టుకుని దాక్కున్నారు. సిగ్గుండాలి.