సున్నా బిల్లు ఇల్లూ, 45 యూనిట్ల కారూ

పాల్వంచ నుంచి భద్రాచలం దాకా కాలనీల్లో ఇప్పుడు ఇలాంటి ఇల్లొకటి తగులుతుంది. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు. వాకిట్లో చార్జింగ్ నిండిన ఎలక్ట్రిక్ కారు. నడి మే నెల, నడి మధ్యాహ్నం, ఇంటిపెద్ద మాత్రం బనీను విప్పేసి అట్టముక్కతో విసురుకుంటూ ఉంటాడు. కరెంటు పోయింది.

"ఎండ ఇంత కాస్తుంటే సోలార్ పనిచెయ్యదేంది?" అని ఆయన పలకలు బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తాడు. "లైన్లో కరెంటుంటేనే మన ఇన్వర్టర్ ఆన్ అవుద్ది అంకుల్" అంటాడు కుర్రాడు, ఈ మాట ముందే చెప్పినట్టు. ముందు చెప్పింది వేరు. గ్రిడ్డే మీ బ్యాటరీ, వేరే బ్యాటరీ దండగ అన్నాడు. ఆ బ్యాటరీ తాళంచెవి సబ్‌స్టేషన్లో ఉంటుందన్న సంగతి మాట్లాడలేదు.

నిజానికి రూలు మంచిదే. లైన్‌మ్యాన్ లైన్ క్లియర్ (ఎల్సీ) తీసుకుని, ఫీడర్ ఆపించుకుని స్తంభం ఎక్కుతాడు. అదే సమయానికి ఎవరి మిద్దె మీంచో కరెంటు లైన్లోకి ఎదురొస్తే పోయేది అతని ప్రాణం. అందుకే లైన్ చచ్చిన మరుక్షణం గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి. దీనికి విరుగుడు హైబ్రిడ్ ఇన్వర్టరూ, దానికో బ్యాటరీ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తుంది. ఆ లెక్కంతా పలకల కిలోవాట్ల మీదే, బ్యాటరీకి విడిగా రూపాయి లేదు. సూర్యుడికి సబ్సిడీ ఉంది, సాయంత్రానికి లేదు.

అసలు కరెంటు దాచుకోవడం గురించి ఈ ప్రాంతానికి పాఠం చెప్పబోవడమే పెద్ద వేళాకోళం. ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైంది 1889లో. పాల్వంచ థర్మల్ కేంద్రం కేటీపీఎస్ 1966 నుంచి కరెంటు పుట్టిస్తోంది. అక్కడ 720 మెగావాట్ల పాత యూనిట్లు మూతపడ్డాయి, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేల్చి పడగొట్టారు. 2018లో వచ్చిన 800 మెగావాట్ల ఏడో దశ ఉంది. మణుగూరు వైపు భద్రాద్రి థర్మల్ మరో 1,080. బూడిద ఇక్కడ, వెలుగు హైదరాబాద్‌లో. బొగ్గును మించిన బ్యాటరీ ఏముంది చెప్పండి, కోట్ల ఏళ్ల ఎండను దాచిపెట్టింది! ఒకసారి వాడితే మళ్లీ చార్జింగ్ ఎక్కదన్నదొక్కటే లోపం. నీటి బ్యాటరీ కూడా ఒకటుండేది, మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు అది ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయింది. పవర్ హౌస్‌లే ఊళ్లతో సహా రాష్ట్రం దాటేసిన చోట, కారు బ్యాటరీ వాకిలి దాటి ఇంట్లోకి రావడానికి మాత్రం ఇంకా దారి దొరకలేదు.

దారి లేదనకూడదు, కిటికీ ఉంది. 2023 సెప్టెంబర్‌లో కొత్త రూపంతో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ, వీటూఎల్ అనే సదుపాయం తెచ్చింది. చార్జింగ్ పెట్టే చోట ఒక అడాప్టర్ తగిలిస్తే కారే బయటి సామాన్లకు 3.3 కేవీఏ దాకా కరెంటు ఇస్తుంది. ప్రకటనల బొమ్మల్లో జనం దీంతో కొండల మధ్య కాఫీ కాచుకుంటారు. మన ఇంటిపెద్ద కిటికీ ఊచల్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి దానికి ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, వైఫై పెట్టె, ఆవిడ సీరియల్ తగిలిస్తాడు. వైరు అడ్డం, కిటికీ మూతపడదు. సందులోంచి దోమలు వరసగా వస్తాయి.

ఇల్లంతటికీ ఇవ్వాలంటే కరెంటును రెండు వైపులా నడిపే చార్జరు కావాలి, లైన్‌నీ ఇంటినీ విడదీసే ఛేంజోవర్ స్విచ్ కావాలి. ఇవేవీ లేకుండా, రెండు కొసలా పిన్నులున్న వైరు చేయించి గోడ సాకెట్‌లో గుచ్చుదామనే మేధావులు ప్రతి వీధికీ ఒకరుంటారు. మెయిన్ ఆపడం మరిచారో, 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎదురెక్కి 11 వేల వోల్టులై స్తంభం మీది మనిషిని వెతుక్కుంటూ పోతాయి. డీజిల్ జనరేటర్ల కాలం నుంచీ ఉన్న ప్రమాదమే ఇది.

సామర్థ్యం మాత్రం తక్కువేం కాదు. ఇంట్లో మూలనుండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో పట్టేది కాగితం మీద 1.8 యూనిట్లు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారంటే అలాంటివి ఇరవై అయిదు, అదీ డిస్టిల్డ్ వాటర్ పొయ్యక్కర్లేకుండా. జపాన్‌లో ఈ తెలివి 2011 సునామీ తర్వాత వచ్చింది. మరుసటి ఏడాదే నిస్సాన్ తన లీఫ్ కారు నుంచి ఇంటికి 6 కిలోవాట్ల దాకా ఇచ్చే పెట్టెను అమ్మకానికి పెట్టింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ చీకటైనప్పుడు అక్కడి తెలుగువాళ్లకు కూడా జ్ఞానోదయమైంది. ఖమ్మం నుంచి ఫ్రిస్కో వెళ్లిన అల్లుడొకడు గోడకు 13.5 యూనిట్ల పవర్‌వాల్ బిగించి వీడియో కాల్‌లో చూపించాడే అనుకోండి, సంభాషణ ఇలా సాగుతుంది:

"రాత్రి చౌకగా ఉన్నప్పుడు నింపుకుంటాం మామయ్యా, సాయంత్రం రేటు పెరిగినప్పుడు వాడుకుంటాం."

"మాకు రాత్రీ పగలూ సున్నాయే బాబూ."

మామగారు అన్నదాంట్లో అబద్ధం లేదు. 2024 ఫిబ్రవరి 27న మొదలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడిన తెల్ల రేషన్‌కార్డు ఇంటికి బిల్లు సున్నా. సున్నా కన్నా చౌకగా కొని దాచుకునే విద్య ఏ అమెరికా కంపెనీ ఇంకా కనిపెట్టలేదు. గీత దాటితే మొత్తానికీ కట్టాలి కాబట్టి నెలాఖరున కూలర్ ఆపి మీటర్ ముందు కాపలా కాసే ఇళ్లున్నాయి. అలాంటి ఇంటికి కారొచ్చిందనుకుందాం. నాలుగుసార్లు కడుపునిండా పెడితే 180 యూనిట్లు అదే తినేస్తుంది. ఇంటిల్లిపాదికీ మిగిలేది ఇరవై. అయినా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ 2026 చివరి దాకా మాఫీ చేసింది. కారున్న ఇంట్లో తెల్లకార్డేమిటని అడిగేవాళ్లు అమాయకులు. కార్డు ఆవిడ పేర, కారు అబ్బాయి పేర. ఇంధన శాఖ చూసే ఉపముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్కది పక్క ఖమ్మం జిల్లా మధిరే కాబట్టి, ఈ కూడికలు ఆయనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంటికి కారు కరెంటు నిజంగా అక్కరకొచ్చే రోజులు గోదావరి ఒడ్డున ఉన్నాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీరు చూడలేదు. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. వరద వచ్చే కాలనీలకు నీళ్లకన్నా ముందు కరెంటు తీసేస్తారు, తియ్యాలి కూడా. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 45 యూనిట్లు ఆరు రోజులకు పైగా వస్తాయి. వరద వచ్చి పోయేదాకా ఫ్రిజ్జులో ఇన్సులిన్ పాడవదు, ఫోన్లు మోగుతాయి. కానీ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర జారీ కాకముందే కారు ఖమ్మంలో బావమరిది ఇంటి ముందుంటుంది. బ్యాటరీకి చక్రాలుంటే వచ్చే చిక్కే ఇది. ఇంటికన్నా ముందు అదే ఊరు దాటుతుంది. పునరావాస కేంద్రంలో మాత్రం డీజిల్ జనరేటర్ దడదడలాడుతూ ఉంటుంది.

ఇంకా పైకి, చర్ల, దుమ్ముగూడెం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలోకి వెళ్తే గొత్తికోయ ఆదివాసుల గూడేలున్నాయి. అక్కడ చాలాచోట్ల పోయేందుకు కరెంటంటూ రానేలేదు. స్తంభాలు వేద్దామంటే అటవీ భూమి. 2006 అటవీ హక్కుల చట్టం ఇందుకు దారి చూపింది: గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక హెక్టారు లోపు భూమిలో, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా కరెంటు లైన్ వేసుకోవచ్చు. గ్రామసభ జరగాలంటే ముందు అదొక గ్రామమని కాగితం మీద ఉండాలి. 2025 మే 18న నల్లమలలోని మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం, 12,600 కోట్లతో 6 లక్షల ఎకరాల పోడు భూములకు సోలార్ పంపులిస్తామంది. మంచి పథకం. పగలు నీళ్లు తోడుతుంది. రాత్రి దీపం దాని బాధ్యత కాదు. పట్టా లేనివాడు అసలు దాని జాబితాలోనే లేడు.

గుడిసెకు రెండు 9 వాట్ల బల్బులు, రాత్రికి అయిదు గంటలు అనుకుంటే అయ్యేది 90 వాట్ అవర్లు. ఒక కారు కరెంటుతో ఇరవై గుడిసెలు ఇరవై అయిదు రాత్రులు వెలుగుతాయి. దారిలో పోయే వృథా తీసేసినా ఇరవై రాత్రులకు ఢోకా లేదు. చెట్టు కొట్టక్కర్లేదు, స్తంభం పాతక్కర్లేదు. గూడెంలో ఒక చిన్న బ్యాటరీ పెట్టె ఉంటే కారు నెలకు రెండుసార్లు వచ్చి నింపిపోవచ్చు. ఇంత సులువైన పని జరగకుండా ఆగాలంటే చెక్‌పోస్టు ఒక్కటి చాలు.

"డిక్కీలో ఏముంది?"

"ఏం లేదు సార్. కింద బ్యాటరీలో 45 యూనిట్లున్నాయి."

గార్డు రిజిస్టర్ తిప్పుతాడు. టేకు ఉంది, వెదురు ఉంది, తునికాకు ఉంది, యూనిట్లు లేవు. రేంజర్ గారికి ఫోన్ కలుపుతాడు, ఆయన డివిజన్ ఆఫీసును అడిగి చెబుతానంటాడు.

"తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా వస్తదా?"

"ఆ, దాదాపు ఖాళీయే సార్."

"మరి లోపల దింపిన సరుక్కి రసీదేది?"