చెల్లింపు విజయవంతం

ఇల్లు కట్టుకోవాలంటే ఇక మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కే పని లేదని, ఇంట్లో కూర్చుని దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, అనుమతి పత్రం ప్రింటు తీసుకోవచ్చని ప్రభుత్వాలు మనకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. హైదరాబాద్‌లో మొదట డీపీఎంఎస్ వచ్చింది. 2020 నవంబరులో టీఎస్-బీపాస్ వచ్చింది. 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. ప్రతి పోర్టల్‌నూ ఇంచుమించు ఒకే ప్రసంగంతో ఆవిష్కరించారు: దళారులు ఉండరు, జాప్యం ఉండదు, అంతా పారదర్శకం. పాత పోర్టల్ వచ్చినప్పుడే దళారులు పోయి ఉంటే కొత్త పోర్టల్ మళ్లీ ఎవరిని పంపించడానికి వచ్చిందో ఆ సభల్లో ఎవరూ అడగరు. నేను చెప్పేది ఒక్కటే. ఈ వ్యవహారం మొత్తంలో నిజంగా ఆన్‌లైన్ అయింది గల్లాపెట్టె మాత్రమే. డబ్బు తీసుకునే చెయ్యి క్షణాల్లో పనిచేస్తోంది, సంతకం పెట్టే చెయ్యి ఎప్పటిలాగే తీరిగ్గా ఉంది. ఈ రెంటినీ కలిపి చూపించి సంస్కరణ అంటున్నారు.

కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. సొంత స్థలంలో నాలుగంతస్తులు వేసుకునే మనిషి ముందుగా లైసెన్సున్న ఇంజనీరునో ఆర్కిటెక్టునో పట్టుకోవాలి, ఎందుకంటే నక్షాను కంప్యూటర్ చదవాలి. ఆ కంప్యూటర్‌ది మహా పట్టుదల. ప్లాటు హద్దుకు ఒక లేయర్, సెట్‌బ్యాక్‌కు ఒక లేయర్, మెట్లకు ఒకటి. ఏ గీతా తెరిచి ఉండకూడదు, మొదలైన చోటే వచ్చి కలవాలి. గోడ గీత ఎక్కడో వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయిందా, ఫైలు వెనక్కి. ఇంత నిక్కచ్చి యంత్రం ప్రభుత్వం దగ్గర ఉన్నందుకు సంతోషించాల్సిందే. తర్వాత సేల్ డీడు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, పక్కన చెరువుంటే ఇరిగేషన్ వాళ్ల ఎన్‌ఓసీ, అన్నీ స్కాన్ చేసి సైజు తగ్గించి ఎక్కించాలి. ఆ తర్వాత ఫీజు. అక్కడితో నిక్కచ్చితనమంతా మాయమై మర్యాద మొదలవుతుంది. కార్డా, నెట్ బ్యాంకింగా, యూపీఐయా, మీ ఇష్టం. ఓటీపీ కొట్టిన మరుక్షణం ఆకుపచ్చ టిక్కుతో ‘చెల్లింపు విజయవంతం’ అని వస్తుంది. పౌరుడికి ఈ ప్రయాణంలో ఖాయంగా దొరికే విజయం అదే. ఆ తర్వాత కనిపించేది స్టేటస్: పరిశీలనలో ఉంది. ఎవరి పరిశీలనలో, ఏ సందేహంతో, ఎన్నాళ్లుగా అన్నది తెలుసుకోవాలంటే ఆఫీసుకు వెళ్లాలి. ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపులో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఉంటాడు. ఒకప్పుడు గేటు దగ్గర నిలబడిన మనిషే, ఇప్పుడు నీడపట్టున ఉన్నాడు. పోర్టల్ వల్ల మేలు జరగలేదని అనలేం.

ఇదంతా వెటకారం, సాక్ష్యమేదీ అంటారా? తెలంగాణలో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌ను మించిన సాక్ష్యం నాకు కనబడలేదు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరిస్తామని 2020 ఆగస్టు 31న ప్రభుత్వం జీవో 131 ఇచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే, ఆగస్టు 26న, అలాంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. అంటే ముందు తలుపు మూసి, తర్వాత తాళంచెవి అమ్మకానికి పెట్టింది. దరఖాస్తు రుసుము ప్లాటుకు 1000 రూపాయలు, లేఅవుట్‌కు 10,000. పోర్టల్‌లో కట్టొచ్చు, మొబైల్ యాప్‌లో కట్టొచ్చు, మీసేవలో కట్టొచ్చు. గడువు అక్టోబరు 15 అన్నారు, 31 వరకు పొడిగించారు. కరోనా కాలంలో, జీతాలు కోతపడ్డ రోజుల్లో, రెండు నెలలు తిరిగేసరికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. ప్లాటుకు వెయ్యి చొప్పున చూసుకున్నా 250 కోట్ల రూపాయలకు తక్కువ కాదు. ఇన్ని దరఖాస్తులనూ, ఫీజులనూ సర్కారు తీసుకుంది. ప్రపంచంలో ఏ ఈ-గవర్నెన్స్ సదస్సులోనైనా గర్వంగా చెప్పుకోదగ్గ సామర్థ్యం ఇది.

ఆ తర్వాత ఆ దరఖాస్తులు నిద్రపోయాయి. కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి, ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. ఎల్ఆర్ఎస్ ఉచితంగా చేయాలని ప్రతిపక్షంలో ఉండగా గొంతు చించుకున్నవారు అధికారంలోకి వచ్చాక 25 శాతం రాయితీ దగ్గర సర్దుకున్నారు. గొంతుకు కుర్చీ మందు పనిచేస్తుందని మనకు కొత్తగా తెలియాల్సిందేమీ లేదు. ఆ రాయితీకి 2025 మార్చి 31 గడువు పెట్టి, దాన్ని కూడా పలుమార్లు పొడిగించారు. అయితే అసలు చమత్కారం రాయితీలో లేదు, వరసలో ఉంది. నాలుగేళ్లకు పైగా తెరవని ఫైళ్లకు కంప్యూటరే ఫీజు లెక్కగట్టి పంపింది. ముందు డబ్బు కట్టండి, ప్లాటు అర్హమో కాదో తర్వాత చూస్తాం. కాదని తేలితే 90 శాతం వాపసిస్తాం, పది శాతం ప్రాసెసింగ్ కింద ఉంచుకుంటాం. పెళ్లిచూపులకు రాకముందే కట్నం పుచ్చుకుని, పిల్ల నచ్చకపోతే పదో వంతు ఫలహారాల ఖర్చు కింద పట్టుకుని మిగతాది పంపిస్తామన్నట్టుంది బేరం. పరిశీలించకుండా డబ్బు తీసుకుని, పరిశీలించినందుకు డబ్బు మినహాయించుకునే ఈ పద్ధతిని పాత కాగితాల కాలంలో ఎంత తెలివైన గుమాస్తా కూడా ఊహించి ఉండడు. అప్పట్లో చలానా కట్టించాలంటే ముందు ఎవరో ఒకరు ఫైలు విప్పి లెక్క రాయాల్సి వచ్చేది. లెక్క యంత్రానికి అప్పగించాక ఫైలు విప్పే అవసరమే పోయింది.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకును తలచుకోవాలి. 2019 సెప్టెంబరులో అది బ్యాంకులకు ఒక నియమం పెట్టింది. ఆన్‌లైన్ చెల్లింపులో ఖాతాలోంచి డబ్బు పోయి అవతలివాడికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా తిరిగి జమచేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. అతను అడగకపోయినా ఇవ్వాలి. ఇప్పుడు 2020లో ఎల్ఆర్ఎస్ దరఖాస్తు రుసుము కట్టిన మనిషిని చూడండి. అతని డబ్బూ పోయింది, బదులుగా రావాల్సిందీ రాలేదు. 2020 అక్టోబరు 31 నుంచి 2025 మార్చి 31 వరకు 1612 రోజులు. బ్యాంకుకు పెట్టిన న్యాయమే సర్కారుకూ పెడితే ఒక్కో దరఖాస్తుదారుకు లక్షా అరవై వేలు, 25 లక్షల మందికి నలభై వేల కోట్లు. మరీ అన్యాయమైన లెక్క కదూ? వెయ్యి రూపాయలకు ఇంతా అంటారు. ఆ వెయ్యి వెనక బ్యాంకు లోను రాని ప్లాటు, అమ్ముదామంటే బేరం కుదరని ప్లాటు, కూతురి చదువుకని దాచుకున్న ప్లాటు ఉన్నాయి. వాటి వెల కట్టడానికి మార్కెట్ విలువ పట్టిక ఏదీ లేదు గనక నేను రోజుకు వంద దగ్గరే ఆగాను.

‘మునుపు ఇంతకంటే ఘోరంగా ఉండేది’ అన్నది నాకు వచ్చే మొదటి ఆక్షేపణ. నిజమే, ఉండేది. చైన్‌మన్ నుంచి పైదాకా ఎవరి వాటా వారికి ముట్టనిదే టేప్ పట్టుకునేవాళ్లు కాదు. టీఎస్-బీపాస్ చట్టంలో మంచి ఉంది కూడా: 75 గజాల్లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తులోపు కట్టుకునేవారికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, అనుమతే అక్కర్లేదు. ఐదు వందల చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి. అంతకు మించితే 21 రోజులు, దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క. చిన్నవాడికి ఇది మేలే, కాదనను. కానీ ఆ స్వీయ ధ్రువీకరణను కొంచెం తిరగేసి చూడండి. నేను చెప్పినవన్నీ నిజమని సంతకం పెట్టేది పౌరుడు. అందులో తేడా వస్తే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం సర్కారుది. పరిశీలించే బాధ్యత ఆఫీసు భుజం మీంచి దిగింది, ఫీజు మాత్రం దిగలేదు. పైగా 21 రోజుల గడియారం సంగతి: ఇరవయ్యో రోజు సాయంత్రం ఫలానాది తక్కువైందంటూ ఒక ‘షార్ట్‌ఫాల్’ పడితే ఆ గడియారం ఏమవుతుందో ప్లానింగ్ సెక్షన్‌తో పనిపడిన ఏ ఇంజనీరునైనా అడగండి, నవ్వుతాడు.

రెండో ఆక్షేపణ ఇంకా ఘాటైంది: ‘అనుమతి లేని లేఅవుట్‌లో కొనడమే తప్పు, తప్పు చేసినవాడు కొన్నాళ్లు ఆగితే ఏం?’ కొన్నవాడు అమాయకుడని నేనూ అనను; గజం ధర తక్కువని తెలిసే కొన్నాడు. అయితే ఆ ప్లాటును రిజిస్టర్ చేసింది ఎవరు? సబ్ రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ ఏ ఖజానాకు వెళ్లింది? ఒక శాఖ దస్తావేజు మీద ముద్ర వేసి డబ్బు తీసుకుంది, ఇంకో శాఖ అదే దస్తావేజు చూసి నువ్వు అక్రమమంటూ మళ్లీ డబ్బు తీసుకుంది. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వాటా వదలలేదు గనక ప్లాటు విలువలో 14 శాతం కట్టమంది. ఆ డబ్బుతో ఆ కాలనీలో పార్కు వస్తుందని ఎదురుచూసేవారి ఆశావాదాన్ని మెచ్చుకోవాలి. ఇక తప్పును అరికట్టే మాటంటారా, 2007 చివర్లో ఓ క్రమబద్ధీకరణ, 2015లో ఓ క్రమబద్ధీకరణ, 2020లో ఇది. ప్రతిసారీ ఇదే ఆఖరన్నారు. ఇన్ని ఆఖరి అవకాశాలు చూసిన రియల్టరు తర్వాతి వెంచరుకు బ్రోచరు వేయించుకోక ఏం చేస్తాడు?

ఎక్కడైనా ఇంతే అనేవారికి ఇంగ్లండు సంగతి. అక్కడ ప్లానింగ్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేవారు ఫీజుతోపాటు పోర్టల్‌కు సేవారుసుం కూడా కట్టాలి, అంటే డబ్బు కట్టినందుకు డబ్బు. ఈ విద్య మనవాళ్ల చెవిన పడకుండా ఉంటే బాగుండు. అయినా అక్కడ ఓ హామీ ఉంది. చిన్న దరఖాస్తు 16 వారాల్లో, పెద్దది 26 వారాల్లో తేల్చకపోతే కౌన్సిల్ తీసుకున్న ఫీజు వాపసివ్వాలి. దీన్ని తప్పించుకోవడానికి కౌన్సిళ్లు దరఖాస్తుదారు చేతనే ‘గడువు పొడిగింపుకు నాకు అభ్యంతరం లేదు’ అని రాయించుకుంటాయి. గడుసుతనం ఏ దేశపు సొత్తూ కాదు. తేడా ఏమిటంటే, ఆలస్యానికి అక్కడ కనీసం అడిగి సంతకం పుచ్చుకోవాల్సి వస్తోంది.

కాబట్టి నేను కోరేది కొత్త పోర్టల్ కాదు. ఉన్న పోర్టల్‌లోనే, డబ్బు లాగే పేమెంట్ గేట్‌వేకు రెండోవైపు కూడా దారి తెరవమంటాను. షార్ట్‌ఫాల్ ఏదైనా ఒక్కసారే, మొదటి వారంలోనే చెప్పాలి. గడువు దాటిన మర్నాటి నుంచి రోజుకు వంద, దరఖాస్తుదారు అడగకుండానే, అతను ఫీజు కట్టిన ఖాతాకే. ఖాతా నంబరు ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంది, ఓటీపీ కూడా అక్కర్లేదు. దీనికి ఆర్థికశాఖ ఏమంటుందో తెలుసు: అంత డబ్బు ఎక్కడిది, ఖజానా ఖాళీ అయిపోదా అంటుంది. ఫైళ్లు గడువులోపే కదులుతున్నాయని ఆవిష్కరణ సభలో చెప్పింది నిజమైతే ఒక్క రూపాయీ ఖర్చు కాదు. ఖజానా ఖాళీ అవుతుందని భయపడుతున్నారంటే, ఎన్ని ఫైళ్లు ఆగుతాయో వాళ్ల దగ్గర ముందే లెక్క ఉందన్నమాట.