పాడితేనా, పడితేనా?

ఇక మనకు తగాదాలుండవట. వాట్సాప్‌లో మనం రాసిన ముక్కను ఏఐ అందుకుని ప్రొఫెషనల్‌గా ఒకటి, ఫన్నీగా ఒకటి, సపోర్టివ్‌గా ఒకటి తిరగరాసి పెడుతుందట. టిఫిన్ సెంటర్లో ఇడ్లీయా వడా దోసా అన్నట్టు మనం ఒకటి చెప్పడమే తరువాయి.

సంతోషం. ముందు మా వదిన పంపిన ‘సరే’ను దానికి చూపించండి.

‘సరే’ అంటే ఒప్పుకున్నట్టు. ‘సరేలే’ అంటే ఒప్పుకోలేదుగానీ వాదించే ఓపిక లేదని. ‘సరే మరి’ అంటే ఇక ఫోన్ పెట్టెయ్యమని. ‘సరి సరి’ అంటే నీ సంగతి నాకు తెలియందా అని. ఎదురుగా ఉన్న మనిషి ఆ ‘రే’ని ఎంత సాగదీసిందో విని సర్దుకుంటాం. ఫోన్లో సాగదీతేదీ?

మా వదిన పెట్టింది ఉట్టి సరే కూడా కాదు, పక్కన చుక్క పెట్టిన సరే. ఆ చుక్క మీద మా ఇంట్లో మూడు రోజులు విచారణ జరిగింది. కోపం అని అమ్మ, అలక అని అన్నయ్య, గతేడాది పట్టుచీర సంగతి అని నేను. అన్నయ్య రెండు పూటలు బయటే భోంచేశాడు. నాలుగో రోజు తేలిందేమిటంటే, రెండుసార్లు స్పేస్ నొక్కితే ఫోనే చుక్క పెట్టేస్తుంది. వదిన వేలు రెండుసార్లు తగిలింది, అంతే. అయితే విచారణ జరిగిందని తెలిశాక మాత్రం ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది.

‘మీ ఇష్టం’ జోలికి నేను పోను. ఆ మాటకు అనుమతి అని అర్థం చెప్పుకున్న మొగుడెవడూ బాగుపడలేదు.

నేనేం తక్కువ తిన్నానా? సీమంతం గ్రూపులో ‘పిన్నిగారు పాడితే ఫంక్షన్‌కి ఆ కళే వేరు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆ అక్షరాల్లో పాడినా పడినా పీ, ఏ, డీయే. మా ఆవిడ వాళ్ల పిన్నిగారికి మోకాలి ఆపరేషనై అప్పటికి నెల. కొట్టేటప్పుడు నా చెవికి దీర్ఘం వినబడుతూనే ఉంది మరి! 2005లో క్రూగర్, ఎప్లీ అనే పరిశోధకుల బృందం ఇదే తేల్చింది: ఈమెయిల్లో తమ వెటకారం నూటికి 78 సార్లు అందుతుందని రాసినవాళ్లు అనుకుంటే, అందింది 56 సార్లు. బొమ్మా బొరుసా వేసుకున్నా ఇంచుమించు అంతే.

ఇవన్నీ పొరపాట్లు. నా కడుపుమంట వేరేవాళ్ల మీద. ఉద్యోగం వచ్చిందని ఓ పిల్ల గ్రూపులో పెడితే, ‘హమ్మయ్య, మీ నాన్నకు కట్నం తగ్గింది’ అని రాసి, కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మలు రెండు అంటిస్తాడొకడు. ఆ పిల్ల నొచ్చుకుంటే ‘జోక్ కూడా తప్పేనా, టోన్ అర్థం చేసుకోరేం’ అంటాడు. నీ టోన్ అందరికీ అర్థమైందయ్యా! మొదటిసారే అర్థమైంది. రంగు మీద రాసినప్పుడూ, కులం మీద రాసినప్పుడూ అర్థమైంది. అర్థం కానట్టు నటించే చాకిరీ కూడా ఆ పిల్ల మీదే వేస్తున్నావు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్ రెండు చుక్కలు, ఓ గీత, ఓ బ్రాకెట్ చేర్చి నవ్వు ముఖం గుర్తు పెట్టమన్నది, హాస్యాన్ని నిజమనుకుని జనం కొట్టుకుంటున్నారని. నిజాన్ని హాస్యమని తప్పించుకోవడానికి నీ చేతికిమ్మని కాదు.

ఇప్పుడు వీడికి ఏఐ కూడా దొరికింది. అదే కట్నం ముక్క రేపటినుంచి సపోర్టివ్‌గా వస్తుంది.

పిన్నిగారు సీమంతానికి వచ్చారు. పాడలేదు. మెట్లెక్కుతుంటే చెయ్యి అందించబోయాను.

“అక్కర్లేదు అల్లుడుగారూ, పడితే ఫంక్షన్‌కి కళొస్తుందిగా” అన్నారు.

ఎదురుగానే అన్నారు. టోన్ స్పష్టంగానే ఉంది.