కంప్యూటరుకు అన్నీ తెలుసట!

తేదీ ఎట్లా కొట్టినా సాఫ్ట్‌వేరే అర్థం చేసుకుంటుందట. ఇప్పుడు ఎవరు డెమో ఇచ్చినా ఇదే గొప్ప. చప్పట్లు కూడా పడుతున్నాయి.

సరే, 11-10-2016 అని కొట్టండి. ఆ ఏడు దసరా అది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టిన రోజు. అమెరికా సెట్టింగులో ఉన్న కంప్యూటరుకు మాత్రం నవంబరు 10. అంటే కొత్త కలెక్టర్లు కుర్చీలెక్కిన నాడు జనమంతా రద్దయిన నోట్లు పట్టుకుని బ్యాంకుల ముందు లైన్లో ఉన్నారన్నమాట. 02-06-2014 ఇంకా అందం. ఫిబ్రవరి 6నే తెలంగాణ వచ్చేసింది, లోక్‌సభలో బిల్లు పెట్టకముందే!

అసలు తమాషా 13 దగ్గర మొదలవుతుంది. 13-10 అని కొడితే పదమూడో నెల లేదని దానికి జ్ఞానోదయమై, బుద్ధిగా అక్టోబరు అనుకుంటుంది. ఒకే కాలమ్‌లో 12 దాకా అమెరికా, 13 నుంచి ఇండియా! 5-5, 6-6 లాంటివి ఎటు చదివినా ఒకటే గనుక వదిలేస్తే, ఏడాదిలో 132 తేదీలు తిరగబడొచ్చు. కాలమ్ మొత్తం తప్పయితే ఎవరో ఒకరు పట్టేవారు. మూడింట ఒక వంతే తప్పు, అదీ నిఖార్సయిన తేదీలాగే కనబడే తప్పు. ఎవరి కంట పడుతుంది?

ఎక్సెల్ జన్యువుల పేర్లను కూడా తేదీలు చేసేస్తుంటే, వేగలేక 2020లో శాస్త్రవేత్తలు ఆ పేర్లే మార్చుకున్నారు.

నవ్వింది చాలు. రైతుబీమాకు 59 ఏళ్ల హద్దుంది, పాలసీ ఏడాది ఆగస్టులో మొదలవుతుంది. హద్దు దగ్గరికొచ్చిన రైతు పుట్టినరోజు 05-09. సెప్టెంబరు అని చదివితే ఈ ఏడు బీమా ఉంటుంది. మే 9 అని చదివితే ఆగస్టుకే ముసలివాడు. ఆయన పోతే ఇంటికి రావలసిన 5 లక్షలు ఒక ఊహకు బలి. ఊహించమని మిమ్మల్ని ఎవడడిగాడు?

తెలియకపోతే ఆగాలి, అడగాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2003 నుంచే ఈ తెలివితేటలు మానుకుంది: నెల ముందన్న సెట్టింగులో 13-10 ఇస్తే తిప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఏడాది, నెల, రోజు వరుసలో రాయమన్న అంతర్జాతీయ ప్రమాణం 1988 నాటిది. అదీ వద్దంటే, సేవ్ చేసేముందు ‘అక్టోబరు 11, అవునా?’ అని నెల పేరుతో ఒక్క ప్రశ్న వెయ్యడానికి ఏం రోగం?

వెయ్యరు. డెమోలో ఒక క్లిక్కు ఎక్కువవుతుంది. తేదీ తప్పు పడితే అఫిడవిట్ రాయించేది రైతు, నోటరీకి డబ్బులిచ్చేది రైతు, పని మానుకుని భూపాలపల్లి బస్సెక్కేది రైతు. డెమో ఇచ్చినవాళ్లకేం పోయింది?