బొద్దింకకి జాతేమిటండీ!

బల్లిజాతి పెంపుడు జంతువులకి మేతగా కొందరు, ముద్దుకి కొందరు బొద్దింకల్ని పెంచుతున్నారు. ముందు జాతి గుర్తుపట్టమని వాళ్లు చెబుతారు గానీ, మీరు పట్టించుకోకండి. ఆరు కాళ్లు, రెండు మీసాలు ఉన్నాయా? చాలు.

డ్యూబియా నున్నటి గాజు ఎక్కలేదట, మడగాస్కర్ బుస బొద్దింక చకచకా ఎక్కేస్తుందట. అయితే మూత డ్యూబియాకే పెట్టండి. రెక్కల్లేని మడగాస్కర్‌ది ఎక్కడికి పోతుంది? మరీ బెంగగా ఉంటే డబ్బా అంచుకి వాజలిన్ బదులు లక్ష్మణరేఖ గీయండి. ఇక ఒక్కటి కూడా బయటికి రాదు, నాదీ పూచీ.

డ్యూబియాల్లో పొడుగు రెక్కలవి కొన్ని, మొక్కుబడి రెక్కలవి కొన్ని కనిపిస్తాయి. మొదటివి మగవి, రెండోవి ఆడవి అంటారు. నమ్మకండి, రెండు జాతులు కలిపి అంటగట్టారు! వేరువేరు డబ్బాల్లోకి మార్చండి. పిల్లలు పుట్టకపోతే అమ్మినవాణ్ణి నిలదీయండి. మడగాస్కర్‌వాటిలో తల దగ్గర కొమ్ముల్లాంటి బుడిపెలున్న రెండింటిని ఏరి జతకట్టండి. బుసకొడుతూ కుమ్ముకుంటే కంగారుపడొద్దు, కొత్త కాపురం. ఆ బుస పొట్ట పక్కనున్న శ్వాసరంధ్రాల్లోంచి వస్తుంది కనుక విక్స్ అక్కడే రాయాలి.

ఓ పొద్దున డబ్బాలో తెల్లటి బొద్దింక కనబడుతుంది. కుబుసం విడిచిందనీ, కొన్ని గంటల్లో రంగు తిరుగుతుందనీ తెలిసినవాళ్లు అంటారు. అందుకే ఆలస్యం చేయొద్దు. అరుదైన శ్వేతజాతి అని ఫోటో పెట్టి మధ్యాహ్నంలోగా అమ్మేయండి.

స్వదేశీ సరుకే కావాలంటే మన దక్షిణాది చిట్టడవుల్లో నల్లటి ఒంటిమీద తెల్లచుక్కల డొమినో బొద్దింక ఉంది. ఇంచుమించు అదే వేషంలో ఆరుచుక్కల పెంకుపురుగొకటి తిరుగుతుంది, అది మండే ఆమ్లం చిమ్ముతుంది. ఏది ఏదో తేల్చుకోవాలంటే మొహం దగ్గర పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టండి. డొమినో గుడ్లు మట్టిలోనే పెడుతుంది, పిల్లలూ ఆ మట్టిలోనే దాక్కుంటాయి. మురికి కదా, వారం వారం మట్టి పారబోసి డబ్బా కడగండి.

విసుగొస్తే అన్నింటినీ డ్రైనేజీ మూత తీసి వదిలేయండి. మేతకి అమ్మే తుర్కెస్తాన్ బొద్దింక 1978లో కాలిఫోర్నియాలో బయటపడి, అక్కడ ఎప్పట్నుంచో ఉన్న ఓరియంటల్ బొద్దింకని చాలాచోట్ల వెళ్లగొట్టింది. మీ వీధి పేరు కూడా పుస్తకాలకెక్కవచ్చు. ఇంటి ఓనరు అడిగితే మాత్రం పక్క వాటావాళ్లవని చెప్పండి.