మూత ఎత్తి చూడని వాణ్ణి

స్టాక్‌హోంలో ఒక పెద్ద ఫ్యాషన్ దుస్తుల కంపెనీ. అందులో ఉద్యోగానికి చేరిన ఆమె పేరు కైసా. ఆమె భర్త జాన్ హిల్‌మన్ ప్రైవేటు డిటెక్టివు. ఆ కంపెనీలోనే హత్య జరుగుతుంది. కాబట్టి కేసు భర్త దగ్గరికి వచ్చేటప్పటికే భార్య లోపల ఉంది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి చూపు ఎటు పోతోందో ఆమెకు తెలుసు. 1958లో వచ్చిన ‘మానెకేంగ్ ఇ రోట్’ అనే స్వీడిష్ సినిమా సంగతి ఇది. ఎర్రబట్టల మోడలు అని దానర్థం. తీసినాయన ఆర్నె మాట్సన్, కథ ఫోల్కె మెల్‌విగ్‌ది. జాన్‌గా కార్ల్ ఆర్నె హోల్మ్‌స్టెన్, కైసాగా అన్నలీసా ఎరిక్సన్ వేశారు.

మాట్సన్ 1951లో తీసిన ఒక ప్రేమకథకు మరుసటి ఏడు బెర్లిన్‌లో బంగారు ఎలుగుబంటి బహుమతి వచ్చింది. అంత పేరు వచ్చిన మనిషి తర్వాత హత్యల కథల మీద పడ్డాడు. 1958 నుంచి 1963 దాకా ఐదు హిల్‌మన్ సినిమాలు తీశాడు. ఒక్కొక్క పేరులో ఒక్కొక్క రంగు: నలుపు, ఎరుపు, నీలం, తెలుపు, పసుపు. మొదటిది నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. రెండోదానికి వచ్చేసరికి తెర నిండా ఎరుపు. ఇటలీలో మారియో బావా 1964లో తీసిన ఫ్యాషన్ హత్యల సినిమాకు ఇదే దారి చూపిందని సినిమా తెలిసినవాళ్లు అంటారు. రెండూ చూశాక నాకూ అలాగే అనిపించింది.

మా అమ్మాయి స్టాక్‌హోంలో ఉంటుంది. నేనూ మా ఇంటామె ఒక వేసవిలో అక్కడికి పోయినప్పుడు అమ్మాయి ఈ సినిమాలు పెట్టి, పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెప్పింది. మా ఇంటామె కళ్లు తెర మీద నుంచి తిప్పలేదు. నాకు మాత్రం కైసా నోరు విప్పినప్పుడల్లా ఒంట్లో ఏదోలా ఉండేది. అంతకుముందు ఏడు మా ఊరు అనంతసాగరంలో నేను చేసిన పని అప్పటికింకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ముందు నా చదువు గురించి ఒక మాట. నేను లెక్కల అయ్యోరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. కుర్రతనంలో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అద్దెకు తెచ్చుకుని రాత్రిళ్లు చదివేవాణ్ణి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. యుగంధర్ ఆలోచిస్తాడు, రాజు పరుగెత్తుతాడు. యుగంధర్ గదిలోకి భార్య అనే మనిషి అడుగుపెట్టి ‘అట్ట కాదేమో’ అనడం నాకు గుర్తులేదు. ఇంగ్లీషువాళ్లకు అగాథా క్రిస్టీ 1922లోనే టామీ, టప్పెన్స్ అనే జంటను ఇచ్చింది. అమెరికావాళ్లకు 1934లో ‘ది థిన్ మ్యాన్’తో నిక్, నోరా వచ్చారు. మనకు అలాంటి జంట రాలేదు.

వచ్చినట్టే వచ్చి తప్పిపోయింది ‘మిస్సమ్మ’లో. 1955 నాటి ఆ సినిమాలో డిటెక్టివూ ఉన్నాడు, దంపతులూ ఉన్నారు. కానీ దంపతులు ఉద్యోగం కోసం వేషం కట్టినవాళ్లు. ఏఎన్నార్ వేసిన రాజు కాలిమీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల కోసం వెతుకుతుంటాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ గమనించేది, ఎక్కువ దాచుకునేది సావిత్రి వేసిన మేరీయే. అయినా ఆమె వెతకబడే మనిషే గాని వెతికే మనిషి కాదు. మా నెల్లూరు జిల్లా రమణారెడ్డి అందులో అప్పు పేరుతో మేరీ వెంటపడే డేవిడు. ఆ సినిమా అంటే నాకు ప్రాణం, ఇప్పటికీ. జంధ్యాల గారి ‘చంటబ్బాయ్’ (1986)లో గానీ, మా నెల్లూరులోనే కథ నడిచే ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019)లో గానీ డిటెక్టివు ఒంటివాడే. ఆత్రేయ పక్కన స్నేహ ఉంటుంది, శిష్యురాలిగా. నెల్లూరు వీధుల్లో ఒక డిటెక్టివు తిరగడం చూసి నేను పొంగిపోయాను. మనిషిని చూసి చెప్పేయగలననే నమ్మకం నాలో అప్పటికే ఉంది. అది ఇంకొంచెం గట్టిపడింది.

మాకు చెరువు కింద కొంచెం మడి ఉంది. నేను చేయలేను. కౌలుకు చేసే అతను నా దగ్గర చదువుకున్న పిల్లవాడే, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. వాళ్ల నాయన కూడా అదే మడి చేశాడు. ఒక ఎడగారు పంట ముందు వచ్చి కౌలు కార్డుకు సంతకం పెట్టమని అడిగాడు. 2019 చట్టం ప్రకారం పొలం యజమాని ఒప్పుకుని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెడితే కౌలురైతుకు ఆ కార్డు వస్తుంది. దాంతో బ్యాంకులో పంట రుణం అడగవచ్చు. పంట పోతే బీమా, నష్టపరిహారం అడగవచ్చు. భూమి మీద హక్కు యజమానిదే, దానికి ఏ ఢోకా లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నా మనసులో ఒక మూల భయం. ఊళ్లో సగం మంది యజమానులకు ఉన్న భయమే అది: సంతకం పెడితే మడి మనది కాకుండా పోతుందేమోనని. సరే, జిరాక్సులు తీయించి పెడతానని చెప్పి, పట్టాదారు పాసుపుస్తకం సంచిలో వేసుకుని ఆత్మకూరు పోయాను.

సాయంత్రం ఇంటికి వచ్చి పంచలో సంచి పెట్టి కాళ్లు కడుక్కోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి అతను పంచలో కూర్చుని ఉన్నాడు. కార్డు సంగతి అడిగి వెళ్లిపోయాడు. రాత్రి సంచి తీస్తే జిరాక్సు కాగితాలన్నీ ఉన్నాయి, పాసుపుస్తకం లేదు.

మా ఇంటామె కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. “చివరి పేజీ దాకా అన్నీ ఉండాయి. ఆ చివరిది తీసినాక మిషను మూత ఎత్తి పుస్తకం తీసుకున్నారా? దాని కిందనే ఉండిపోయి ఉంటాది” అంది.

అంతే. కేసు అక్కడ తేలిపోయింది. పుస్తకం పోయిన గంటలోపే.

నేను ఒప్పుకోలేదు. అంత తేలికగా తేలిపోయే సంగతి నాకు పనికిరాలేదు. నకళ్లు వదిలేసి అసలు మాత్రమే ఎందుకు పోయింది? అసలు ఎవరికి అవసరం? సంచి పక్కన ఎవరు కూర్చున్నారు? ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. మరునాడు ఆమె మళ్లీ అడిగితే, “ఆ జిరాక్సు కొట్టువాణ్ణి ఫోన్లో అడిగాను, లేదన్నాడు” అన్నాను. నేను అడగలేదు. ఫోను నెంబరు కూడా నా దగ్గర లేదు. ఈ అబద్ధం గురించి రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఆమె నన్ను నమ్మింది. నమ్మబట్టే ఆ కొట్టుకు అప్పుడే పోలేదు. నా అనుమానానికి అడ్డం వస్తుందని నిజాన్ని నేనే తొక్కిపెట్టాను.

రెండు రోజులకు అతను ఆత్మకూరు బస్సెక్కడం చూసి నేనూ ఎక్కాను, వెనక సీట్లో. దిగాక దూరంగా వెంట నడిచాను. అతను అప్పులిచ్చే ఒక ఆఫీసులోకి పోయి, చాలాసేపటికి బయటికి వచ్చి, గోడ వారన నిలబడి నోట్లు లెక్కపెట్టుకున్నాడు. నా చేతులు వణికాయి. నా మడి తాకట్టు పెట్టేశాడనుకున్నాను. పాసుపుస్తకం ఒక్కటి పట్టుకుపోతే పరాయి మడి మీద అప్పు పుట్టదని లెక్కల అయ్యోరుకు తెలియదా? తెలుసు. ఆ క్షణంలో తెలిసినదేదీ నాకు అడ్డం రాలేదు.

సాయంత్రం ఊళ్లో టీకొట్టు దగ్గర, పదిమంది ఉండగా, అతన్ని పేరుపెట్టి పిలిచి దొంగ అన్నాను. ఏం చేశావో, ఎక్కడికి పోయావో నా కళ్లారా చూశానని చెప్పాను. అతను ఎదురు మాట్లాడలేదు. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. మాట్లాడకపోవడమే రుజువని అక్కడున్నవాళ్లతో అన్నాను.

ఇంట్లో ఈ మాట చెప్పగానే మా ఇంటామె పొయ్యి ఆపేసింది. “వాళ్లామె చెవులు చూసినారా మీరు? కమ్మల్లేవు. వేపపుల్లలు పెట్టుకోనుంది. వడ్లు నానబెట్టాల, ఎరువు కొనాల. కార్డు లేనిది బ్యాంకులో అప్పు ఎవరిస్తారు? కమ్మలు కుదవబెట్టినాడు ఆ బిడ్డ” అంది. వాళ్లామె రోజూ మా ఇంటికి మజ్జిగకు వస్తుంది. నేనూ చూశాను ఆ చెవులు. చూశానంటే నా కళ్లు ఆ వైపు పోయాయి, అంతే.

మరునాడు మొదటి బస్సుకు ఆమె ఒక్కతే ఆత్మకూరు పోయింది. జిరాక్సు కొట్టులో అబ్బాయి సొరుగులోంచి పుస్తకం తీసి ఇచ్చాడట. మూత కింద దొరికితే, ఎవరో ఒకరు వస్తారని దాచి ఉంచాడు. ఆమె దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. “ఫోన్ చేసి అడిగినానన్నారు గదా” అని ఒక్కసారి అడిగింది. ఆ తర్వాత ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు.

కైసాను చూస్తున్నప్పుడు ఒంట్లో ఏదోలా ఉండేదని చెప్పింది ఇందుకే. కైసా చెబుతుంది, జాన్ వాదిస్తాడు, ఇద్దరూ పోట్లాడుకుంటారు, కానీ ఆమె చూసినది కేసులోకి వస్తుంది. మా ఇంటామె చెవుల దగ్గర, కాగితాల దగ్గర చూసినది ఏ కాగితం మీదా నేను రాసుకోలేదు. ఆమె గట్టిగా చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా అని స్టాక్‌హోంలో ఒక రాత్రి అన్నాను. “చెప్పినా గదా. మీరు ఏందో రాసుకుంటా ఉండిరి” అంది.

పాసుపుస్తకం దొరికిన రోజే కౌలుకు చేసే అతని ఇంటికి పోయాను. మా ఇంటామె నాకంటే ముందు పోయి వచ్చింది. అతను గడపలో నిలబడి మోటారు షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కార్డు కాగితం మీద సంతకం పెట్టి తెచ్చానని చెప్పి, దాన్నీ క్షమాపణనీ కలిపి అతనికి ఇవ్వబోయాను. “అయ్యోరా, మీరు నన్ను అడిగి ఉంటే సంచి నేనే వెతికి పెట్టేవాణ్ణి. అందరి ముందరా ఎందుకన్నారు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతను కాగితం అందుకోలేదు. ఆ ఎడగారు వేరేవాళ్ల మడి కౌలుకు తీసుకున్నాడు, సోమశిల కాలువ కింద. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. వాళ్లామె మజ్జిగకు రావడం మానేసింది. మా ఇంటామే వాళ్లింటికి తీసుకుపోయి ఇస్తుంది.

మా మడి ఇప్పుడు చేస్తున్నతనికి మొదటి రోజే కార్డుకు సంతకం పెట్టి ఇచ్చాను.

టీకొట్టు దగ్గరికి మళ్లీ పోయి, అదే గొంతుతో, అతను దొంగ కాదు, నేను అన్నది తప్పు అని చెప్పాను. ఆ రోజు విన్నవాళ్లు అందరూ అక్కడ లేరు. కొందరు పనులకు వేరే ఊళ్లు పోయారు. వాళ్లు చెప్పగా విన్నవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో నాకు తెలియదు. ఉదయగిరి సంతలో ఒకాయన ఈమధ్య కూడా ‘మీ పాసుపుస్తకం కాజేసిన మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడు’ అని నన్ను అడిగాడు. కాజేయలేదని, పుస్తకాన్ని నేనే మిషను మూత కింద వదిలేశానని అతనికి అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. మిగిలినవాళ్ల కోసం ఇది రాశాను. చదివినవాళ్లు ఎక్కడైనా ఆ మాట వింటే, కాదని చెప్పండి.