క్యాజువాలిటీ గుమ్మంలో దొరికే చెడ్డ సలహాలు

ఎమర్జెన్సీలో మనిషి పోయిన గంటలోపే సలహాలు మొదలవుతాయి. బావమరిది ఒకటి చెబుతాడు, ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఇంకొకటి చెబుతాడు, ఎవరో ఫోన్ చేస్తే వచ్చిన విలేకరి మరొకటి. వాళ్ళలో చాలామందికి దురుద్దేశం ఉండదు. కానీ ఆ మాటలు నమ్మి న్యాయంగా గెలవాల్సిన కేసు పోగొట్టుకునే కుటుంబాలు ఎన్నో. అందుకే ఆ సలహాలు ఏమిటో, ఎందుకు వినకూడదో రాస్తున్నాను.

“అద్దాలు పగిలితేగానీ మేనేజ్‌మెంటు దిగిరాదు” అనేది అన్నిటికంటే ముందు వినపడేది. గొడవ చేస్తే ఒక్కోసారి డబ్బు వస్తుంది, కాదనను. మధ్యలో కూర్చున్న నాయకుడి వాటా పోగా మిగిలింది ఇంటికి వస్తుంది. కానీ 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ప్రకారం ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, పైగా బెయిలు దొరకడం కష్టమైన నేరం. పగిలిన పరికరాలకు రెట్టింపు ఖరీదు కట్టాలి. తల్లిని పోగొట్టుకున్న కొడుకు తెల్లారేసరికి ముద్దాయి అవుతాడు. ఇక రాజీకి కూర్చున్నప్పుడు “మా కేసు మేం తీసేస్తాం, మీ కేసు మీరు తీసేయండి” అంటారు. అక్కడితో అంతా సరి. ఇంకో సంగతి కూడా ఉంది. దెబ్బలు తినేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, నర్సమ్మ. రాత్రిపూట స్పెషలిస్టును పెట్టకుండా ఖర్చు మిగుల్చుకున్న యజమాని ఆ దరిదాపుల్లో ఉండడు.

తరవాతది “పోలీసు కేసు పెట్టి డాక్టర్ని లోపల వేయించు” అన్నది. 1995లో లూధియానాలో ఒక పెద్ద ఆసుపత్రి వార్డులో ఊపిరాడని రోగికి ఆక్సిజన్ సిలిండర్ తగిలించారు, అది ఖాళీది. కొడుకు పక్కగదికి పరిగెత్తి ఇంకోటి తెచ్చాడు, దాన్ని బిగించే ఏర్పాటు లేదు. రోగి చనిపోయాడు. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా 2005లో సుప్రీంకోర్టు అక్కడి డాక్టరు జేకబ్ మాథ్యూ మీద క్రిమినల్ కేసు కొట్టేసింది. జేకబ్ మాథ్యూ తీర్పు అంటే అదే. క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు ముందు మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు, అభిప్రాయం తీసుకోవాలి. మామూలుగా అరెస్టు చేయకూడదు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106 కింద వైద్యుడికి పడగల గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. అదే తీర్పులో కోర్టు, ఆసుపత్రి సివిల్‌గా బాధ్యత వహించాల్సి రావచ్చని కూడా అంది. జనం పట్టించుకోవాల్సింది ఆ వాక్యాన్ని. నష్టపరిహారం కేసులో అంత ఘోరమైన తప్పు చూపించనక్కర్లేదు. ఆ పరిస్థితిలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకోలేదని చూపిస్తే చాలు.

మరి పోలీస్ స్టేషన్‌కి అసలు వెళ్ళొద్దా? చావు మీద అనుమానం ఉంటే వెళ్ళాలి, అరెస్టు కోసం కాదు, పోస్టుమార్టం కోసం. ఇక్కడే అత్యంత ప్రేమగా చెప్పే సలహా అడ్డొస్తుంది. “పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, ఇంకా కోయించి హింస పెట్టడమెందుకు?” అంటారు ఇంటి పెద్దలు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ దహనం అయిపోయాక చావుకు కారణం ఏమిటో ఆసుపత్రి రాసిందే మిగులుతుంది. గుండెపోటును గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపారన్నది మీ అనుమానమైతే, దాన్ని తేల్చే సాక్ష్యాల్లో శరీరాన్ని మించింది లేదు. ఆ కొన్ని గంటలు మనసు గట్టి చేసుకోండి.

“డిశ్చార్జి సమ్మరీ ఉందిగా, చాలు” అన్న సలహా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎమర్జెన్సీ తప్పుల్లో చాలావాటికి మూలం ఆలస్యం. ఛాతీనొప్పితో వచ్చినవాడికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది అంతటా ఒప్పుకున్న ప్రమాణం. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాబట్టి మీ కేసంతా గడియారం మీద నడుస్తుంది. సమ్మరీలో గంటలు, నిమిషాలు ఉండవు. అవి ఉండేది క్యాజువాలిటీ రిజిస్టరులో, నర్సుల నోట్స్‌లో, మందులిచ్చిన చార్టులో, ఈసీజీ కాగితం అంచున అచ్చయిన సమయంలో. పూర్తి కేస్ షీటు కావాలని రాతపూర్వకంగా అడగండి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అదే లేఖలో సీసీ కెమెరా ఫుటేజీ చెరపకుండా ఉంచమని కోరండి, చాలాచోట్ల కొన్ని వారాల్లో పాతదాని మీద కొత్తది రికార్డవుతుంది. ఎన్నింటికి దిగాం, ఎవరు చూశారు, ఏమన్నారు, ఇవన్నీ ఆ రాత్రే ఒక కాగితం మీద రాసుకోండి. 108లో వచ్చారా? ఆంబులెన్సు సమయాలు కూడా పనికొస్తాయి. ఫోన్‌లో కాల్ లిస్టు తుడిచేయకండి.

ఇదే వరసలో, “లామా రాసిచ్చి వేరేచోటికి తీసుకుపోదాం” అనేది కూడా జాగ్రత్తగా వినాల్సిన మాట. డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా మేమే తీసుకెళ్తున్నామని రాసే కాగితం అది. ఆసుపత్రే “మా దగ్గర వెంటిలేటర్ లేదు, తీసుకెళ్ళండి” అంటే అది లామా కాదు, రిఫరల్. ఆ మాటే కాగితం మీద రాయించుకోండి. డబ్బు కట్టలేదనో, పోలీసు కాగితాలు లేవనో గేటు దగ్గరే వెనక్కి పంపితే అదీ తప్పే. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, లాంఛనాలు తరవాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

“రిస్కు కాగితం మీద సంతకం పెట్టావు, ఇంకేం అడుగుతావు?” ఈ భయం పెట్టుకోకండి. చికిత్సలో సహజంగా ఉండే ప్రమాదానికే ఆ సంతకం, నిర్లక్ష్యానికి కాదు.

“ఆరోగ్యశ్రీలో ఫ్రీగా చేశారు, అడిగే హక్కు మనకెక్కడిది” అన్న మాట వింటే మాత్రం మనసు కలుక్కుమంటుంది. పేదవాళ్ళు ఇది తమకు తామే చెప్పుకుంటారు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరోగ్యశ్రీ నడిచే ప్రైవేటు ఆసుపత్రులు డబ్బు కట్టే రోగుల్నీ చేర్చుకునేవే. అందరికీ పూర్తి ఉచితంగా చూసే సర్కారు దవాఖాన మాత్రం వినియోగదారుల చట్టం కిందికి రాదు. అక్కడ సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, మానవ హక్కుల కమిషన్ దారులున్నాయి. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలీని బెడ్లు లేవని పశ్చిమ బెంగాల్‌లో ఒకదాని తరవాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపిస్తే, అది జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ప్రభుత్వాసుపత్రి రికార్డులకు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

డాక్టర్లంతా ఒకటే, ఏ డాక్టరూ మనవైపు సాక్ష్యం చెప్పడు, కేసు నిలవదు అంటారు. మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగానికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 2002లో మలేరియా శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చాడు. టైఫాయిడ్ పరీక్షలో లేదని వచ్చినా టైఫాయిడ్ మందులే వాడారు, మలేరియాకు చికిత్స చేయలేదు. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు కాగితాల్లోనే కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడు రావాల్సిన పనిలేదంది. చిక్కు కేసుల్లో నిపుణుడు కావాల్సిందే, అప్పుడు వేరే ఊరి డాక్టరును వెతుక్కోవాలి.

“ముందు మెడికల్ కౌన్సిల్‌కి రాయి, అది తేలాక చూద్దాం” అని ఆగకండి. కౌన్సిల్ డాక్టరు పేరు రిజిస్టరు నుంచి తీసేయగలదు, మీకు ఒక్క రూపాయి పరిహారం ఇప్పించలేదు. వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్ళు, కౌన్సిల్ జవాబు కోసం అది ఆగదు. రెండు చోట్లా ఒకేసారి వెళ్ళండి. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖకు తీసుకెళ్ళిన రోగి ఇంటివాళ్ళు వాయిదాలకు విశాఖ తిరగక్కర్లేదు. ఏ కమిషన్‌కి వెళ్ళాలో తేల్చేది మీరు కట్టిన బిల్లు, మీరు అడిగే పరిహారం కాదు. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజే లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. లాయరు లేకుండానూ వాదించుకోవచ్చు.

చివరగా ఆసుపత్రి వాళ్ళే ఇచ్చే సలహా. “బిల్లు మాఫీ చేస్తాం, మాకే ఫిర్యాదూ లేదని సంతకం పెట్టి బాడీ తీసుకెళ్ళండి.” ఆ రాత్రి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. అలా ఆపితే 112కి ఫోన్ చేయండి. రాజీయే కావాలనుకుంటే జిల్లాల్లో శాశ్వత లోక్ అదాలత్ ఉంది. ఆసుపత్రి సేవల తగాదాలు అక్కడికి వస్తాయి, కోటి రూపాయల దాకా చూస్తారు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోతే తీర్పు కూడా ఇస్తారు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతైనా ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని ఇస్తుంది. న్యాయసేవా సంస్థ నంబరు 15100.